మామయ్య కారు – అరిగిన పళ్ళు



నెల రోజులుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. సీసపద్యం గురించి మొదలుపెట్టిన వ్యాసం సగంలో ఆగింది. దానిని తరువాత పూర్తిచేస్తాను. ఈ నెల రోజులూ నేను ఒక కార్ల షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చొని గడిపాను. ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడికి అక్కడ ఏమి పని అని ఇంట్లోవాళ్ళు అడిగారు. అక్కడ నేను చూచినది చెప్పుకోక తప్పదనిపించి ఇది వ్రాస్తున్నాను. ఇందులో యంత్రాల ప్రసంగం కొంత ఉంటుంది. ఓపిక పట్టవలసిందిగా మనవి.

నాకు పదేళ్ళప్పుడు నాన్నగారు పోయారు. అమ్మనూ, నన్నూ, చెల్లెలినీ మా మేనమామ తన ఇంటికి తీసుకొని వచ్చాడు. తెనాలికి పది కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లె. మామయ్యకు పొలం లేదు. ఉన్నదల్లా డ్రైవరు విద్య. చాలాకాలం ఒకరి దగ్గర పనిచేసి, 1979లో సొంతంగా ఒక పాత అంబాసిడరు కొని బాడుగకు త్రిప్పడం మొదలుపెట్టాడు. అది 1976 నాటి మార్కు 3 బండి.

అంబాసిడరు గురించి ఈ తరంవారికి ఒక మాట చెప్పాలి. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు అచ్చులను కొని తెచ్చి, బెంగాలులోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్సు వారు తయారుచేసిన బండి అది. 1957-58 ప్రాంతంలో మొదలై 2014 మే నెలలో ఆగింది. మధ్యలో ముందు జాలీలు మారాయి, దీపాలు మారాయి, చివరి రోజుల్లో ఇంజనులూ మారాయి. మామయ్య బండిలో ఉన్నది మాత్రం పాతదే. 1489 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను. పెళ్ళికూతుళ్ళనూ, రోగులనూ, తిరుపతి యాత్రికులనూ, ఎన్నికలప్పుడు నాయకులనూ ఒకే తీరుగా మోసిన బండి.

ఆ బండికి ఒక జబ్బు ఉండేది. షెడ్డు భాషలో దానిని "సెల్ఫు పట్టకపోవడం" అంటారు. ఇంజనును మొదటిసారి త్రిప్పి లేపే మోటారును మన మేస్త్రీలు సెల్ఫు అంటారు. "సెల్ఫు కొట్టండి", "సెల్ఫు లేదండీ, తొయ్యాలి" – ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు నవ్వు వచ్చేది. తనంత తాను లేవగలగడానికి 'ఆత్మ' అని పేరు పెట్టిన పరిభాషకు ఏ వేదాంతి వంక పెట్టగలడు?

ఇంజను తనంత తాను మొదలు కాలేదు. ఎవరో ఒకరు మొదట త్రిప్పాలి. ఇంజను వెనుక భాగాన ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. అది ఫ్లైవీలు. దాని అంచుకు నూరుకు పైగా పళ్ళున్న ఒక ఉక్కు కడియం బిగించి ఉంటుంది. అది రింగు. సెల్ఫు మోటారు కొసన తొమ్మిదో పదో పళ్ళుండే చిన్న చక్రం ఉంటుంది. మోటారుకు కరెంటు అందగానే చిన్న చక్రం ముందుకు ఉరికి, రింగు పళ్ళలో తన పళ్ళు దూర్చి, ఆ పెద్ద చక్రాన్ని త్రిప్పుతుంది. ఇంజను అందుకోగానే వెనుకకు తప్పుకుంటుంది. ఈ రాకపోకల అమరికకు బెండిక్సు అని పేరు.

మామయ్య బండిలో ఉన్నది పాత పద్ధతి బెండిక్సు. మోటారు ఇరుసు మీద మరచుట్లు ఉంటాయి. చిన్న చక్రం ఆ చుట్ల మీద వదులుగా కూర్చొని ఉంటుంది. ఇరుసు ఒక్కసారిగా గిర్రున తిరిగితే చక్రం దాని బరువు వల్ల వెంటనే తిరగలేదు. తిరగలేక చుట్ల వెంట ముందుకు జారి రింగును ఢీకొంటుంది. అప్పటికే మోటారు మంచి వేగంలో ఉంటుంది. ఎదుట రింగు కదలకుండా నిలబడి ఉంటుంది. అంటే అక్కడ జరిగేది మెల్లగా కలుసుకోవడం కాదు, దెబ్బ. బండి తీసిన ప్రతిసారీ రింగు పంటి అంచుకు ఒక దెబ్బ. పూర్వస్వరమూ పరస్వరమూ కలిసిపోయే సంధి వంటిది కాదు ఇది. నడుమ యడాగమం వచ్చి సర్దిపెట్టే వీలూ లేదు.

నూరుకు పైగా పళ్ళున్నప్పుడు ఆ దెబ్బలు అందరికీ సమంగా పంచబడతాయి కదా అని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకొన్నాను. నిజం వేరు. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. తాళం త్రిప్పి ఆపాక చక్రం ఊపు తగ్గుతూ వస్తుంది. ఏదో ఒక సిలిండరులో పిస్టను గాలిని నొక్కుతూ పైకి పోతూ ఉంటుంది. ఊపు చాలక ఆ గాలి బిగువును దాటలేక అక్కడే నిలిచిపోతుంది, లేదా కొంచెం వెనుకకు నెట్టబడి ఆగుతుంది. నాలుగు సిలిండర్లు కనుక చక్రం ప్రతి అరచుట్టుకూ ఒకసారి ఈ అడ్డు తగులుతుంది. కాబట్టి ఇంజను ఎన్ని వేలసార్లు ఆగినా దాదాపు రెండే స్థానాలలో ఆగుతుంది. సెల్ఫు మోటారు కూర్చున్న చోటు మారదు. అందువల్ల రింగు మీద ఎదురెదురుగా ఉన్న రెండు చోట్ల కొద్ది పళ్ళే ఆ దెబ్బలన్నీ తింటాయి. తక్కినవి కొత్తవానివలె మెరుస్తూ ఉంటాయి.

ఆ కొద్ది పళ్ళూ అరిగాక చిన్న చక్రానికి పట్టు దొరకదు. గరగరమని ఒక శబ్దం, ఆ తరువాత ఖాళీగా గిర్రుమని తిరగడం. మామయ్య బండి 1981 నుండి అలాగే చేసేది. ఒక్కొక్కసారి చిన్న చక్రం అరిగిన పళ్ళ నడుమ ఇరుక్కొనిపోయేది. అప్పుడు టాపు గేరులో వేసి బండిని ముందుకూ వెనుకకూ ఊపితే విడివడేది.

మామయ్య ఈ జబ్బుతో కాపురం చేయడం నేర్చుకొన్నాడు. మాది డెల్టా భూమి. అరచేయి వలె చదునుగా ఉంటుంది. పల్లమనేది కాలువ కట్ట దగ్గర తప్ప దొరకదు. అందుకని రాత్రి బండిని ఇంటి ముందు పెట్టక కాలువ కట్ట వాలున పెట్టేవాడు. తెల్లవారి బ్రేకు వదిలి, రెండో గేరులో జారవిడిస్తే ఇంజను లేచేది. ఊరుగాని ఊళ్ళో వాలు దొరకకపోతే ముందు వైపు నుండి హ్యాండిలు పెట్టి, తాళం ఆపి ఉంచి, చక్రాన్ని పావు చుట్టు మెల్లగా త్రిప్పేవాడు. అరగని పళ్ళు సెల్ఫు ఎదుటికి వచ్చేవి. అప్పుడు లోపలికి వచ్చి తాళం వేసి సెల్ఫు కొట్టేవాడు. బాడుగకు ఎక్కినవారు "ఏమైందండీ?" అంటే, "ఏమీ లేదండీ, ఇంజనుకు నమస్కారం పెడుతున్నా" అనేవాడు.

1982 వేసవిలో తెనాలిలో ఒక మేస్త్రి బండి చూచి, "గేరుబాక్సు దింపి కొత్త రింగు వేయాలి. ఇక సాగదీయవద్దు" అన్నాడు. మూడువందల పైచిలుకు అవుతుందన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. భాషాప్రవీణ పూర్తయి, పండిత శిక్షణలో చేరడానికి దరఖాస్తు కాగితం నా చొక్కా జేబులో ఉంది. దాని ఫీజుకూ, వసతికీ కావలసిన డబ్బు గురించి ముందటి రాత్రే మామయ్యతో చెప్పాను. మామయ్య మేస్త్రికి వెంటనే జవాబు చెప్పలేదు. ఒకసారి నా వైపు చూచాడు. నేను చేతిలోని పుస్తకం వైపు చూచాను.

"వచ్చే యేడు చూద్దాంలే" అన్నాడు మేస్త్రితో.

ఆ చూపుకు అర్థం నాకు తెలియదని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకొన్నాను. తెలుసు. ఒక యేడు ఆగి చేరతాను మామయ్యా అని నేను అనవచ్చు. అనలేదు.

1983 జనవరి. సంక్రాంతికి ఇంటికి వచ్చాను. పండుగ వెళ్ళిన మూడోనాటి రాత్రి వీధి చివరి ఇంటివాళ్ళు తలుపు కొట్టారు. వారి కోడలికి నొప్పులు మొదలై ఉదయం నుండి తెమలడం లేదట. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకొని పోవాలి. నేనూ తోడుగా ముందు సీటులో కూర్చొన్నాను. కాలువ కట్ట మీది నుండి బండి జారి, లేచి, బాగానే పోయింది. దారిలో రైలు గేటు పడి ఉంది. గేటు పడితే ఇంజను ఆపడం ఆనాటి డ్రైవర్లకు చేతికి అలవాటైన పని. పెట్రోలు ఖర్చు అటువంటిది. మామయ్య చేయి తాళం మీదికి పోయింది. ఇంజను ఆగింది. ఆగిన మరుక్షణమే ఆయన నాలుక కరచుకోవడం నేను చూచాను.

గూడ్సు బండి పోయింది, గేటు లేచింది. సెల్ఫు కొడితే గిర్రుమంది. మళ్ళీ కొడితే మళ్ళీ గిర్రుమంది. ముందు రైలుకట్ట ఎత్తు. వెనుక జానెడు దూరంలో లారీ. నేను దిగి తోశాను, కదలలేదు. వెనుక సీటులో ఆ అమ్మాయి కేకలు. మామయ్య హ్యాండిలు తీసుకొని ముందుకు పరుగెత్తాడు. ఎప్పటివలెనే పావు చుట్టు త్రిప్పుదామని పెట్టాడు. తాళం ఆపడం మరచిపోయాడు.

తాళం వేసి ఉన్న ఇంజనును మెల్లగా త్రిప్పితే ప్రమాదం. వేగంగా తిరిగే ఇంజనుకు సరిపోయేటట్టు నిప్పురవ్వ కొంచెం ముందుగానే పడేలా అమర్చి ఉంటుంది. చేతితో మెల్లగా త్రిప్పినప్పుడు పిస్టను పైకి చేరకముందే పెట్రోలు అంటుకొని దానిని వెనుకకు తన్నుతుంది. హ్యాండిలు ఎదురు తిరుగుతుంది. బొటనవేలు కూడా తక్కిన వేళ్ళ ప్రక్కనే పెట్టి పట్టుకోవాలని నాకు నేర్పినవాడు మామయ్యే. ఆ రాత్రి ఆయన పిడికిలి బిగించి పట్టుకొన్నాడు. టప్పుమని ఒక చప్పుడు వినిపించింది. అది ఇంజనుదో ఎముకదో నాకు తెలియలేదు.

వెనుక లారీ డ్రైవరు దిగి వచ్చి, సంగతి చూచి, తన బండిని క్లీనరుకు అప్పగించి, హ్యాండిలు ఒక్క ఊపున త్రిప్పి ఇంజను లేపి, తానే స్టీరింగు పట్టుకొని మమ్మల్ని గుంటూరు చేర్చాడు. ఆయన పేరు కూడా మేము అడగలేదు. తెల్లవారుజామున ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. మామయ్య కుడి మణికట్టుకు కట్టు కట్టిన కుర్ర డాక్టరు, బొటనవేలి వైపు ఎముక కొన విరిగిందనీ, వైద్యంలో దీనికి 'షోఫర్స్ ఫ్రాక్చర్', అంటే కారు డ్రైవర్ల విరుగుడు, అని పేరుందనీ, పుస్తకంలో చదవడమే గాని చూడడం ఇదే మొదలనీ చెప్పాడు.

ఆ పేరు నాకు మరపు రాలేదు. తరువాత ఎప్పుడో చదివాను. కార్లు వచ్చిన తొలి రోజుల్లో హ్యాండిలు ఎదురు తన్ని డ్రైవర్ల మణికట్లు విరగడం ఎంత మామూలంటే, ఆ విరుగుడుకు వారి వృత్తి పేరే నిలిచిపోయింది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కరెంటుతో తిరిగే సెల్ఫు మోటారును కార్లకు పనికివచ్చేటట్టు చేశాడు. 1912 నాటి కాడిలాక్ కార్లలో అది వచ్చింది. ఆ తరువాత ఆ జబ్బు క్రమంగా మరుగున పడింది. అది మా మామయ్యను డెబ్బైయొక్క యేళ్ళ తరువాత, ఒక రైలు గేటు దగ్గర వెదకి పట్టుకొంది. సెల్ఫు లేక కాదు. సెల్ఫు ఉండి, దానికి పట్టు ఇచ్చే పళ్ళు లేక.

మామయ్య చేయి మళ్ళీ తిన్నగా కాలేదు. కొంచెం వంకరగానే అతికింది. మూడు నెలలు బండి ఇంట్లో ఉంది. ఆ మూడు నెలలూ ఇల్లు ఎలా గడిచిందో అత్తయ్యకు తెలుసు. నా చదువుకు పంపే డబ్బు మాత్రం ఆగలేదు. మామయ్య నన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు. అని ఉంటే నాకు కొంత బరువు తగ్గేది.

1984 డిసెంబరులో నాకు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం తెచ్చి మామయ్య చేతిలో పెట్టి, "దీనితో ముందు కొత్త రింగు వేయించు మామయ్యా" అన్నాను. "ఒరే అబ్బాయీ, జీతం తెచ్చి రింగు చేయించుకొంటారట్రా ఎవరైనా? ఉంగరం చేయించుకోవాలి గాని" అని నవ్వి తీసుకొన్నాడు. వారం తరువాత బండి సెల్ఫు కొడితే ఒక్క దెబ్బకు లేచింది. "కొత్తది వేయించానురా" అన్నాడు. నా అప్పు తీరిందనుకొన్నాను. నలభై యేళ్ళు అలాగే అనుకొన్నాను.

మామయ్య 2009లో పోయాడు. వారికి పిల్లలు లేరు. అత్తయ్య కూడా పోయాక బండి నాకు వచ్చింది. రేకుల షెడ్డులో దుమ్ము పట్టి ఉండిపోయింది. పాత ఇనుము కొనేవాళ్ళు రెండుసార్లు వచ్చి అడిగారు, ఇవ్వలేదు. ఈ యేడు బాగుచేయిద్దామని బుద్ధి పుట్టి ఊళ్ళోని షెడ్డుకు తోయించాను. మేస్త్రి చిన్నవాడే. కాని అతని తండ్రి అంబాసిడర్ల మీదనే బ్రతికిన మనిషి. ఇప్పుడు కళ్ళు సరిగా కనబడకపోయినా రోజూ షెడ్డుకు వచ్చి కూర్చొంటాడు.

బ్యాటరీ కొత్తది పెట్టి సెల్ఫు కొడితే నాకు చిన్ననాటి నుండి తెలిసిన చప్పుడే వచ్చింది. గరగర, ఆపైన గిర్రుమనడం.

"మోటారు బాగానే ఉంది మాస్టారూ. రింగు పళ్ళు పోయినై" అన్నాడు మేస్త్రి.

గేరుబాక్సు దింపి, క్లచ్చి ఊడదీసి, ఫ్లైవీలు తీసి బల్ల మీద పెట్టారు. నేను ముక్కాలిపీట దగ్గరకు లాగుకొని చూచాను. అరిగిన చోట్లు రెండు ఉంటాయని నాకు తెలుసు. అక్కడ నాలుగున్నాయి. రెండు ఎదురెదురుగా. వాటికి సరిగ్గా పావు చుట్టు దూరంలో మరి రెండు ఎదురెదురుగా. మేస్త్రి తండ్రి దగ్గరకు వచ్చి, వ్రేళ్ళతో అంచు చుట్టూ తడిమాడు.

"ఈ రింగును ఇదివరకు ఒకసారి తిప్పి వేశారు మాస్టారూ" అన్నాడు.

అదేమిటని అడిగితే చెప్పాడు. కొత్త రింగుకు డబ్బు లేనివాళ్ళు పాతదానినే వేడిచేసి ఊడదీసి, పావు చుట్టు జరిపి మళ్ళీ ఎక్కించేవాళ్ళట. అరిగిన చోట్లు ప్రక్కకు పోతాయి, మంచి పళ్ళు సెల్ఫు ఎదుటికి వస్తాయి. కూలి ఖర్చు తప్ప మరేమీ ఉండదు. బండి ఇంకో పది పదిహేనేళ్ళు పనిచేస్తుంది.

అంటే మామయ్య కొత్త రింగు వేయించలేదు. నా జీతంలో కూలి పోగా మిగిలిన డబ్బు దేనికి పోయిందో ఊహించగలను. ఆ వేసవిలోనే మా చెల్లెలి పెళ్ళి జరిగింది. మేనమామ పెట్టవలసినవన్నీ ఏ లోటూ లేకుండా పెట్టాడు.

నేను ఆ నాలుగు చోట్లనూ చాలాసేపు చూచాను. రెండింటి కన్న రెండు ఎక్కువ అరిగి ఉన్నాయి. పంటి అంచులు మొద్దుబారి, కొన్ని సగానికి తెగి, వాడి వాడి అరిగిన పలకపుల్లల వలె ఉన్నాయి. అవి 1983కు ముందువి. వాటి ప్రక్కన మూడు వంతుల పళ్ళు నిన్న చేసినవాటివలె పదునుగా ఉన్నాయి. ఒకే ఉక్కు, ఒకే కడియం. ఇంజను ఆగినప్పుడల్లా ఎదురుగా నిలబడవలసినవి మాత్రం అవే. మా ఇంట్లో కూడా ఏది ఆగినా ఎదుట నిలబడినవాడు ఒక్కడే. తక్కినవాళ్ళం పదునుగానే ఉన్నాం.

కొత్త రింగు విజయవాడ ఆటోనగరులో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది. పాతదానిని ఒకచోట డ్రిల్లుతో తొలిచి, ఉలి పెట్టి కొడితే ఒక్క చప్పుడుతో విచ్చుకొంది. కొత్త కడియం ఫ్లైవీలు కన్న కొంచెం చిన్నదిగా ఉంటుంది. అలా ఉండడమే దాని రహస్యం. దానికి మేకు లేదు, మర లేదు. కడియాన్ని చుట్టూ సమంగా వేడిచేస్తే అది విప్పారుతుంది. వేడి 300 నుండి 400 డిగ్రీల మధ్య ఉండాలి. కొలత పరికరం లేకపోయినా ఉక్కు రంగే చెబుతుంది. తళతళలాడే లోహం మొదట గడ్డి రంగుకు, తరువాత ఊదాకు, ఆపైన నీలానికి మారుతుంది. లేత నీలం రాగానే ఆపాలి. అంతకు మించితే పళ్ళ పదును చచ్చిపోతుంది. చూపు ఆనని ఆ పెద్దాయన "రంగేమిటి, రంగేమిటి?" అని అడుగుతూ ఉంటే కొడుకు చెబుతూ వచ్చాడు. "నీలం తిరిగింది నాన్నా" అనగానే "ఎత్తు" అన్నాడు. పటకార్లతో ఎత్తి ఫ్లైవీలు మీద పెట్టి, ఇత్తడి కడ్డీతో చుట్టూ తట్టారు. నీళ్ళు పోయలేదు. దానంత అది చల్లారింది. చల్లారుతూ కుదించుకొని, చక్రాన్ని పట్టుకొంది. గంట తరువాత ఇద్దరు మనుషులు లాగినా కదలదని చెప్పి ఆయన బీడీ వెలిగించుకొన్నాడు.

చిన్న చక్రాన్ని కూడా మార్చారు. అరిగినదానిని కొత్త రింగుకు జత చేస్తే కొత్తది కూడా త్వరగా చెడుతుందట. బెండిక్సు చుట్లను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టారు గాని గ్రీజు పూయలేదు. గ్రీజు పూస్తే క్లచ్చి దుమ్ము అంటుకొని చక్రం ముందుకు జారదట. పాత బండ్లు ఉన్న మిత్రులు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే వారికి రెండు మాటలు. గిర్రుమన్న ప్రతిసారీ మోటారును తప్పుపట్టి మార్చకండి. ముందు బండిని టాపు గేరులో మూరెడు తోసి, న్యూట్రలుకు తెచ్చి, మళ్ళీ కొట్టి చూడండి. అప్పుడు పడితే లోపం రింగులో ఉన్నట్టు. అది తెలిసిన తరువాత వాయిదా వేయకండి. హ్యాండిలు జోలికి పోవలసివస్తే ముందు తాళం ఆపారో లేదో చూచుకోండి.

నిన్న ఉదయం బండి ఇంటికి వచ్చింది. మనుమరాలు ముందు సీటులో కూర్చొని "తాతయ్యా, నేను కొడతాను" అంది. కొట్టింది. ఒక్క దెబ్బకు లేచింది. రేపో ఎల్లుండో రైలు గేటు దాకా పోయి రావాలని ఉంది. ఇప్పుడు అక్కడ గేటు లేదు, పైన వంతెన కట్టారు.

తెగిన పాత రింగును షెడ్డులో వదిలిపెట్టి రాలేదు. పెద్దాయన దానిని గుడ్డతో తుడిచి, పాత కాగితంలో చుట్టి ఇచ్చాడు. నా వ్రాతబల్ల మీద, నిఘంటువుల ప్రక్కన ఉంది. నాలుగు చోట్లలో ఏ రెండు నావో గుర్తుగా సుద్దతో గీత పెట్టాను.

సెలవు.